శనివారపు మైదానములు

సెలవుదినమును గడపుట యనునది పరదేశమున సంసారము చేయు గృహిణికి చిన్న సమస్య కాదు. వారమున అయిదు దినములు పనులతో గడచిపోవును. పెద్దలు కొలువులకును, పిల్లలు బడికిని పోవుదురు. శనివారము వచ్చునప్పటికి ఇంటిల్లిపాదియు ఒకచోట చేరుదురు. చేరి, ఎవరి గదిలో వారు, ఎవరి చేతిలోని తెరను వారు చూచుచు కూర్చుందురు. మన యూరనైనచో ఇరుగుపొరుగు వత్తురు, చుట్టములు వత్తురు, గుడి యుండును, పేరంటముండును. ఇంగ్లండునందు తలుపు వేసికొన్న ఇంటికి పిలువనిదే ఎవరును రారు. లండను నగరమున దక్షిణభాగమందు కాపురముండు మేము ఇందులకు కనుగొన్న ఉపాయము మా సోదరీమణులకు వింతగా తోచవచ్చును. మేము శనివారము మధ్యాహ్నము చిన్న చిన్న ఊళ్ళ ఫుట్‌బాలు మైదానములకు పోవుచుందుము.

ఇంగ్లండు ఫుట్‌బాలనగానే మన పిల్లలు ఆర్సెనల్ అనియు, లివర్‌పూల్ అనియు గడగడ వల్లింతురు. అవి మహాసంస్థలు. వాని ఆటకు టిక్కెట్టు దొరకుటయే దుర్లభము. దొరకినను నలుగురున్న సంసారము పోయివచ్చుటకగు కర్చు చూచి గృహిణి గుండె గుభిల్లుమనును. మేము చెప్పునది వానిని గూర్చి కాదు. 1888లో 12 క్లబ్బులు కలసి ఫుట్‌బాల్ లీగు అను కూటమిని స్థాపించినవి. నేడు పైనున్న నాలుగు శ్రేణులలో మొత్తము 92 క్లబ్బులు కలవు. వానికి వెలుపలనున్న వానిని నాన్‌లీగు క్లబ్బులందురు. అయిదవ శ్రేణితో మొదలై నిచ్చెనమెట్లవలె దిగుచు, తుదకు పల్లెటూరి జట్టువరకు అవి వ్యాపించియున్నవి. పూర్వము వెలుపలివారు లోనికి పోవలెనన్న లోనివారి ఓట్లు కావలసియుండెను. పంక్తిలో ముందుగా కూర్చున్నవారే కొత్తవారికి విస్తరి వేయవలెనా వద్దా యని తేల్చినట్లు! 1987 నుండి అయిదవ శ్రేణిలో ప్రథమస్థానము పొందిన క్లబ్బు, మైదానము మున్నగు నిబంధనలకు సరిపోయినచో, నేరుగా పైకి పోవు పద్ధతి వచ్చినది. ఆ యేట అట్లు మొదట పోయినది స్కార్‌బరో యను సముద్రతీరపు టూరి క్లబ్బు.

ఈ క్లబ్బులలో, ముఖ్యముగా క్రింది శ్రేణులలో, ఆటగాండ్రకు ఆటయే జీవనోపాధి కాదు. వారమంతయు బడిలో పాఠములు చెప్పియో, కరెంటు పనులు చేసియో, సరకుల బండి నడిపియో, శనివారము మూడు గంటలకు బూట్లు కట్టుకొని దిగుదురు. ఆ మూడు గంటల వేళకొక విశేషము కలదు. బ్రిటనునందు శనివారము మధ్యాహ్నము 2-45 నుండి 5-15 వరకు ఫుట్‌బాలు ఆటలను టెలివిజనులో ప్రత్యక్షముగా చూపరాదను కట్టుబాటు 1960 దశకమునుండి నడచుచున్నది. పెద్ద ఆటను ఇంటిలోనికే తెచ్చి చూపినచో చిన్న మైదానములకు ఎవరు పోవుదురను శంకతో పెట్టిన కట్టుబాటది. పెద్ద చెట్టు నీడలో చిన్న మొక్క చావకుండ కొంత వెలుతురు విడిచియుంచుట వంటిది.

ఆ మైదానములెట్లుండునో చెప్పెదము. ఊరి చివర, రైలుకట్ట ప్రక్కనో, ఇండ్ల వరుసల వెనుకనో, ఒక రేకుల ప్రహరి కనబడును. ద్వారమున ఒక ముసలాయన కూర్చుండి సొమ్ము పుచ్చుకొని ఇనుపకడ్డీల తిరుగుడు గేటును వదలును. చాలచోట్ల పెద్దవారికి 10 మొదలు 15 పౌనులలోపు. పిల్లలకు స్వల్పము, కొన్నిచోట్ల ఉచితము. లోపల ఒక వైపున నాలుగు వరుసల కుర్చీలు, తక్కిన మూడు వైపుల నిలుచుటకు సిమెంటు మెట్లు, నడుమికెత్తు కమ్మి. కమ్మికి ఆనుకొని నిలిచినచో ఆటగాని ఊపిరి మనకు వినబడును. కుక్కలను గూడ వెంట తెచ్చుకొందురు. రెండు జట్లవారి అభిమానులును చాలచోట్ల కలసియే నిలుతురు. తమ జట్టు ఏ గోలువైపు కొట్టుచున్నదో ఆ గోలు వెనుక నిలుచుట వారి ఆచారము. సగము ఆట ముగియగానే ఇటువారటు, అటువారిటు, ఎదురుపడి పలుకరించుకొనుచు స్థలములు మాఱ్చుకొందురు. విరామమున లాటరీ చీట్లమ్ముదురు. వచ్చిన సొమ్ములో సగము గెలిచినవారికి, సగము క్లబ్బుకు.

అన్నిటికంటె ముఖ్యమైనది టీ కొట్టు. పదిమంది యున్న మైదానమునను అది యుండును. చాలచోట్ల దానిని నడపునది ఊరి యిల్లాండ్రే. జీతము లేదు, శనివారము వచ్చి కెటిలు పెట్టుట యలవాటు. ఆటగాండ్ర చొక్కాలు ఉదుకునదియు, చీట్లమ్మునదియు, లెక్క వ్రాయునదియు తఱుచు వారే. సమారాధనలో వడ్డన అందఱికిని కనబడును గాని గాడిపొయ్యి యెవరికి కనబడును?

గత శీతకాలమున మా అత్తగారు తెనాలినుండి వచ్చి ఆఱు నెలలు మాతో నుండిరి. అరువదియేండ్లు దాటినవారికి ఈ దేశమున తోచుట యెంత కష్టమో, తల్లినో అత్తనో పిలిపించుకొన్న సోదరీమణులకు తెలియును. నాలుగు గంటలకే చీకటి పడును. భాష రాదు. కిటికీకడ కూర్చుండి వీథిలో పోవు కార్లను లెక్కించుట తప్ప వేఱు పని లేదు. ఆమెను ఒంటరిగా విడిచిపోలేక, ఒక శనివారము శాలువ కప్పి మాతో తీసికొనిపోయితిమి.

ఆట ఆమెకు పట్టలేదు. టీ కొట్టు పట్టినది. "ఆ పిల్ల చూడవే, మూడు కెటిళ్ళు ఒక్కచేతిమీద నడుపుచున్నది. ఎవరికి చక్కెర ఎంతో అడుగకయే వేయుచున్నది" అని ఆశ్చర్యపడిరి. ఆ 'పిల్ల'కు అరువదియైదేండ్లుండును. మఱుసటి వారము మా అత్తగారు డబ్బానిండ జంతికలు చేసి తెచ్చి కొట్టు బల్లమీద పెట్టిరి. ఈమెకు ఇంగ్లీషు రాదు, ఆమెకు తెలుగు రాదు. ఆమె యొకటి కొఱికి కన్నులు పెద్దవి చేసినది. ఇంకొకటి తీసి కొట్టు వెనుక దాచుకొన్నది. దానితో స్నేహము కుదిరినది. నాటినుండి మా అత్తగారి టీ కప్పులో పాలు మఱికొంచెము, చక్కెర రెండు చెంచాలు, చెప్పకయే పడుచుండెను.

జనవరిలో ఆమెకు రొంప పట్టి రెండు వారములు కదలలేదు. రెండవ శనివారము మేము పోగా ద్వారమందలి ముసలాయన మమ్మాపి, "అమ్మగారేరి?" అని అడిగెను. టీ కొట్టావిడ నిమ్మరసము, తేనె కలిపి త్రాగుమని చెప్పి, ఒక కేకు ముక్కను కాగితములో చుట్టి పంపెను. ఇంటికి వచ్చి చెప్పితిమి. మా అత్తగారు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "నేనీ దేశమున నున్నానని మీకు గాక మఱియొకరికి గూడ తెలియునన్నమాట" అనిరి.

ఆ మాట మేము మఱువలేదు. పెద్ద మైదానమున అరువదివేలమందిలో ఒకరు రాకున్న ఎవరికి తెలియును? రెండువందలమంది చేరుచోట ఒకరు రాకున్న తెలియును. మనిషికి కావలసినది సందడి కాదు; లేనప్పుడు అడుగువారు.

చిన్న మైదానములనగానే తక్కువవని తలపరాదు. షెఫీల్డు నగరమందలి శాండీగేట్ మైదానమునకు మేము వేసవి సెలవులలో పోయితిమి. ప్రపంచమున ఫుట్‌బాలు మైదానములలోకెల్ల అదియే ప్రాచీనమైనదని గిన్నిసు గ్రంథము గుర్తించినది. అది హాలం క్లబ్బువారిది. 1857లో స్థాపింపబడిన షెఫీల్డు క్లబ్బువారు, ప్రపంచమున నేడు నిలిచియున్న ఫుట్‌బాలు క్లబ్బులలో మొట్టమొదటివారు, 1860 డిసెంబరు 26న ఇచ్చటికి వచ్చి హాలం వారితో ఆడిరి. ఆ రెండు క్లబ్బులును నేటికి నాన్‌లీగులోనే యున్నవి! అమ్మమ్మ పల్లెలోనే యుండగా మనుమలు పట్టణములకు పోయి ధనవంతులైనట్లున్నది. ఆ మైదానము చదునుగా నుండదు, స్పష్టముగా వాలియుండును. సగము ఆటలో ఎగువకు, సగము ఆటలో దిగువకు కొట్టవలసినదే.

చిన్నవారు పెద్దవారిని కలసికొను వేళయు కలదు. 1871లో మొదలైన ఎఫ్.ఏ. కప్పు పోటీలో ఏడువందలకు మించిన క్లబ్బులు చేరును. చిన్నవి ఆగష్టు నెలనుండియే ఒకదానితో నొకటి తలపడి, గెలిచినవి ముందుకు సాగి, జనవరిలో మహాసంస్థల నెదుర్కొనును. 1989 జనవరి 7న, దక్షిణ లండనులోని సట్టన్ యునైటెడ్ అను నాన్‌లీగు క్లబ్బు తన చిన్న మైదానముననే కోవెంట్రీ సిటీని 2–1 గోళ్ళతో ఓడించినది. అంతకు రెండేండ్ల ముందు, 1987లో, ఆ కప్పు గెలిచినవారే కోవెంట్రీవారు. సట్టన్ మైదానమున నేటికి ఆ దినమును నిన్నటి ముచ్చటవలె చెప్పుకొందురు.

మనవారి పాదములు సోకిన చిన్న మైదానమొకటి కలదు. అది తూర్పు లండనునందు ఇల్ఫర్డులోని క్రికిల్‌ఫీల్డు. 1948 ఒలింపిక్ క్రీడలలో, జూలై 31న, స్వతంత్ర భారతజట్టు అచ్చట ఫ్రాన్సుతో ఆడినది. మనవారిలో పెక్కుమంది బూట్లు లేకయే ఆడిరి. సారంగపాణి రామన్ ఒక గోలు చేసి ఆటను సమము చేసెను. మనకు రెండు పెనాల్టీలు దొరకినను గోళ్ళు కాలేదు. తుది నిమిషములలో ఫ్రాన్సువారు 2–1గా గెలిచిరి. ఆ స్థలమును చూచుటకు మేము మా అత్తగారితో పోయితిమి. పరుగుపందెముల బాట, ఒక చిన్న మెట్ల వరుస, అంతే. అంతయు విని ఆమె, "జూలై నెల గనుక సరిపోయినది, ఈ చలిలోనైనచో ఆ బిడ్డల పాదములేమయ్యెడివో" అనిరి. ఓటమికంటె పాదములు ముందు తోచుట తల్లి మనసు.

ఇక స్త్రీల సంగతి. ఈ కథ ప్రతి సోదరీమణికిని తెలియదగినది. మొదటి ప్రపంచయుద్ధకాలమున పురుషులు రణమునకు పోగా స్త్రీలు కర్మాగారములలో చేరిరి. ప్రెస్టన్ పట్టణమున డిక్ కెర్ కర్మాగారపు పనికత్తెలు 1917లో జట్టుగా నేర్పడి, గాయపడిన సైనికుల సహాయార్థము ఆడసాగిరి. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్ నగరమందలి గూడిసన్ పార్కులో వారి ఆట చూచుటకు 53,000 మంది వచ్చిరి; లోన స్థలము లేక వెలుపల నిలిచిపోయినవారు వేలకొలది.

మఱుసటి సంవత్సరము 1921 డిసెంబరు 5న ఇంగ్లండు ఫుట్‌బాలు సంఘమువారు, ఈ ఆట స్త్రీలకు తగదనియు, ధర్మకార్యములకై వసూలైన ధనము సరిగా వినియోగపడుటలేదనియు చెప్పి, తమ క్లబ్బుల మైదానములను స్త్రీలకు ఇయ్యరాదని తీర్మానించిరి. గమనింపుడు: స్త్రీలు ఆడరాదని శాసనము చేయలేదు. మైదానము ఇయ్యరాదనిరి, అంతే. వంటయింటి తాళపుచెవి తీసికొని, వండుకొనుటకు మాకేమి అభ్యంతరమనినట్లు! స్త్రీలు ఉద్యానవనములలోను, ఇతర క్రీడల స్థలములలోను ఆడుచు దానిని కొడిగట్టనీయక కాపాడిరి. ఆ నిషేధము తొలగుటకు సుమారు 50 సంవత్సరములు పట్టినది. 2022 జూలై 31న వెంబ్లీలో ఇంగ్లండు స్త్రీలు యూరపు కప్పు గెలిచిన నాడు చూడవచ్చినవారు 87,192 మంది. ఆ నడిమి యేండ్లలో ఆడవలసి ఆడలేకపోయిన బాలికల లెక్క మాత్రము ఏ పుస్తకమునందును లేదు.

మా అమ్మాయికి పదునొకండేండ్లు. ఆమెను లూయిస్ అను పట్టణమునకు తీసికొనిపోయితిమి. లండనునుండి రైలులో సుమారు గంట ప్రయాణము. స్టేషనుకు సమీపముననే డ్రిప్పింగ్ ప్యాన్ అను మైదానము కలదు. పేరునకు తగినట్లు పళ్ళెమువలె పల్లముగా నుండి, చుట్టు పచ్చికగట్లతో నొప్పుచుండును. 1885లో స్థాపింపబడిన ఈ క్లబ్బును 2010లో ఊరివారే తమ చేతికి తీసికొనిరి. సభ్యులొక్కొక్కరికి ఒక్కొక్క ఓటు. 2017లో ఈ చిన్న క్లబ్బువారు తమ పురుషుల జట్టుకును స్త్రీల జట్టుకును సమానమైన ధనము కేటాయింతుమని ప్రకటించిరి. మహాసంస్థ యేదియు అంతకుముందు చేయని పని అది. రెండు జట్లకును మైదానమొక్కటియే.

ఆ దినము ఆడినది స్త్రీల జట్టు. మా అమ్మాయి కమ్మి విడువలేదు. రైలులో తిరిగి వచ్చునపుడు, "నేనును ఆడెదను" అనెను. మా ఇంటి చేరువనున్న మైదానమున ఆదివారము ఉదయము బాలికలకు ఆట నేర్పుదురు, అందు చేర్పించితిమి. ఈ సంగతి ఫోనులో విన్న బంధువులు కొందఱు, పిల్ల ఎండకు నల్లబడుననియు, మోకాళ్ళు చిట్లుననియు, రేపు సంబంధములు చూచునప్పుడు ఏమందుమనియు బాధపడిరి. మేము సమాధానము వెదకుకొనుచుండగా మా అత్తగారు ఫోను తీసికొని, "నన్ను అయిదవతరగతితో బడి మాన్పించిన నాడును ఇవే మాటలు చెప్పిరి. అప్పుడు నాకు బదులు మాటాడువారు లేరు. దీనికి నేనున్నాను" అనిరి. ఆమె మఱి మాటాడలేదు; అవతలివారును మాటాడలేదు. మా అమ్మాయి "నాయనమ్మా" అని ఆమె మెడ కౌగిలించుకొన్నది.

ఇట్టి మైదానములు శాశ్వతములని భ్రమపడరాదు. నగరము పెరిగినకొలది నేల వెల పెరుగును. పచ్చిక కంటె భవనమునకు వెల యెక్కువ. మా వైపుననే డల్విచ్ హామ్లెట్ అను క్లబ్బు కలదు. 1893లో పుట్టినది. గులాబి, ముదురు నీలము వారి రంగులు. ఎడ్గార్ కెయిల్ అను వారి ఆటగాడు జీతము పుచ్చుకొను వృత్తి ఆటగాడు కాకయే 1929లో ఇంగ్లండు జట్టున మూడు మార్లు ఆడెను. మైదానపు ప్రక్క వీథికి నేటికి ఆయన పేరే. 1948 ఒలింపిక్ ఆటలలో ఒకటి ఇచ్చటను జరిగినది. ఇంత చరిత్ర కలిగియు, 2018 మార్చిలో స్థలము యజమానులతో వివాదము ముదిరి ఈ క్లబ్బు తన మైదానమునుండి వెలికి పోవలసివచ్చెను.

అప్పుడు నీడనిచ్చినవారు పొరుగు క్లబ్బగు టూటింగ్ అండ్ మిచ్చమ్ వారు. ఆటలో ప్రత్యర్థులు, ఆపదలో ఇల్లు చూపిరి. అభిమానులు ఊరేగింపులు జరిపిరి, అర్జీలు పెట్టిరి, ఎక్కడాడిన అక్కడికి పోయిరి. ఆ వసంతముననే, ఇల్లు లేని ఆ జట్టు పై శ్రేణికెక్కినది. 2018 డిసెంబరులో స్వస్థలమునకు మరలివచ్చినది. ఆ క్లబ్బును నిలిపినది, ప్రతి శనివారము వచ్చు అలవాటు గలవారు వేలలో నుండుట. అట్టివారు లేని క్లబ్బులు కొన్ని మైదానము పోగొట్టుకొని మరల కోలుకొనలేదు.

ఇంగ్లండునందు కాపురముండు సోదరీమణులకు మా అనుభవమునుండి కొన్ని మాటలు. మీ యింటికి చేరువ క్లబ్బేదో విచారింపుడు, తప్పక ఒకటుండును. 2010 నుండి ఏటేట, పెద్ద లీగులు విరామమిచ్చు ఒక శనివారమును నాన్‌లీగు దినముగా జరుపుచున్నారు. తొలిసారి పోవుటకు అది అనుకూలము. వానయో మంచో కురిసిన ఉదయము, ఆట యున్నదో లేదో కనుగొనకుండ బయలుదేరకుడు. రిఫరీ నేల పరీక్షించి మాన్పించుట కద్దు. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు తొడుగుడు. సిమెంటు మెట్ల చలి పాదములనుండియే యెక్కును. శాకాహారులు బంగాళాదుంప చిప్సు ఏ నూనెలో వేపినారో అడుగుట మంచిది. కొన్నిచోట్ల పశువుల క్రొవ్వు వాడుదురు. ఇంటినుండి తినుబండారమేదైన తీసికొనిపోయినచో కొట్టావిడకొకటి పెట్టుడు.

స్వదేశమందున్న సోదరీమణులు ఇది మాకేల యనుకొనరాదు. మీ యూరిలోను బడి వెనుక ఒక ఖాళీ స్థలముండును, సాయంకాలము పిల్లలాడుకొనుచుందురు. అచ్చట మీ అమ్మాయి ఆడుచున్నదా, మగపిల్లలు మాత్రమే ఆడుచున్నారా యని ఒకమాఱు తొంగిచూడుడు. వారమునకొక సాయంకాలము మీరే పోయి గట్టుమీద కూర్చుండుడు. ఇంటిలోని పెద్దవారిని వెంట తీసికొనిపోండు. తల్లులు కూర్చున్నచోట ఆడపిల్లలు వెఱవక పరుగెత్తుదురు. పదిమంది ప్రతివారము వచ్చు స్థలమును అమ్ముటకు, ఆక్రమించుటకు ఎవడైనను కొంత జంకును. ఎవరును రాని స్థలమున తెల్లవారునప్పటికి పునాదులు లేచును.